జడ అల్లిన మనీ ట్రీ: కుండీలో ఉన్నది ఒక్క చెట్టు కాదు

గృహప్రవేశాలకు, ఆఫీసు ఓపెనింగులకు ఇచ్చే మొక్కల్లో ఈ మధ్య మనీ ట్రీ బాగా కనిపిస్తోంది. కింద జడ అల్లినట్టు మెలితిరిగిన కాండం, పైన ఒకే తొడిమ నుంచి ఐదేసి, ఏడేసి విచ్చుకున్న ఆకులు. సీసాలో పెంచే మనీ ప్లాంట్‌కూ దీనికీ చుట్టరికం లేదు. అది తీగ, ఇది చెట్టు. తెచ్చిన రెండు మూడు నెలలు నిగనిగలాడుతుంది. ఆ తర్వాత ఆకులు పసుపు పచ్చబడి రాలడం, కాండాల్లో ఒకటి మెత్తబడటం, చివరికి మొక్క మొత్తం పోవడం చాలా ఇళ్లలో జరిగే వరస. నీళ్లు చాలలేదేమోనని ఇంకో మగ్గు పోస్తారు, ఎండ తగలాలని బాల్కనీలోకి మారుస్తారు, ఎండకు మాడిందని మళ్లీ లోపలికి తెస్తారు. ఎందుకు పోయిందో మాత్రం తేలదు.

కారణాలను వెతుక్కుంటూ వెళ్తే చాలావరకు ఆ జడ దగ్గరే ఆగుతాం. చూపుకు ఒకే చెట్టులా ఉన్నా కుండీలో ఉన్నవి మూడో, ఐదో వేర్వేరు మొక్కలు. దేని వేళ్లు దానివి, దేని ఆరోగ్యం దానిది. జడ ఈ చెట్టుకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, అమ్మకం కోసం మనుషులు చేసిన పని. ఈ సంగతి పక్కనపెట్టి 'వారానికోసారి నీళ్లు, నేరుగా ఎండ తగలని వెలుతురు' అని చీటీ మీద రాసి ఇస్తే ఆ సలహా సగమే పనిచేస్తుంది.

చెట్టు అసలు పేరు పకీరా. దక్షిణ మెక్సికో నుంచి బ్రెజిల్ ఉత్తర భాగం దాకా నదీ తీరాల్లో, చిత్తడి నేలల్లో పెరుగుతుంది. ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఓబ్లే 1775లో ఫ్రెంచి గయానా మొక్కల మీద వెలువరించిన గ్రంథంలో దీన్ని పకీరా అక్వాటికాగా నమోదు చేశాడు. సొంత గడ్డ మీద 60 అడుగుల దాకా ఎదుగుతుంది. రాత్రిపూట విచ్చుకునే పొడవాటి కేసరాల పూలు, వాటి దగ్గరికి వచ్చే గబ్బిలాలు, వరద నీటిలో తేలుతూ పోయి ఒడ్డుకు చేరిన చోట మొలిచే గింజలు. ఇంట్లో కుండీలో మూడడుగుల మొక్కగా చూసేవారికి ఇదంతా ఊహకు అందదు. కుటుంబం మాత్రం మనకు తెలిసినదే. పత్తి, బెండ, మందార, బూరుగ అన్నీ ఈ బంధువర్గమే. గోల్కొండ నయా ఖిల్లాలో లోపల గది అంత తొర్ర ఉన్న ఆ బ్రహ్మాండమైన ఆఫ్రికా చెట్టు, హతియాన్ ఝాడ్, అదీ దీనికి దగ్గరి చుట్టమే. మొదలు లావెక్కి అందులో నీళ్లు దాచుకునే గుణం రెండిటికీ ఉంది.

నర్సరీల్లో అక్వాటికా పేరుతో అమ్ముతున్న వాటిలో ఎక్కువ భాగం నిజానికి తూర్పు బ్రెజిల్‌కు చెందిన పకీరా గ్లాబ్రా. పూస్తే తేడా తెలుస్తుంది. అక్వాటికా కేసరాల కొసలు ఎర్రగా, గ్లాబ్రావి తెల్లగా ఉంటాయి. ఇంట్లో పూయడం అరుదు కాబట్టి ఈ గొడవ పెంచేవారికి పెద్దగా పట్టదు. రెండిటి బాగోగులూ ఒకటే.

జడ వేయడం తైవాన్‌లో మొదలైంది. అక్కడికి ఈ చెట్టు 1930ల్లో చేరింది. 1980ల్లో ఐదు మొక్కలను కలిపి అల్లి అమ్మడం మొదలయ్యాక గిరాకీ పెరిగి పెద్ద ఎగుమతి సరుకైంది. తుపాను రోజుల్లో పని లేక ఇంట్లో కూర్చున్న ఓ లారీ డ్రైవర్, భార్య క్షౌరశాలలో జడలు వేస్తుంటే చూసి మొదట అల్లాడని ఒక కథ తిరుగుతోంది. కథ బాగుంది, నిజమెంతో చెప్పలేం. ఐదు ఆకులు చైనా ఫెంగ్‌షూయిలోని ఐదు మూలకాలకు గుర్తని అక్కడి నమ్మకం. ఆ ఐదు చెక్క, నిప్పు, మట్టి, లోహం, నీరు. మన దగ్గర అమ్మేవాళ్లు వాటిని పంచభూతాలు చేసేసి, ఆగ్నేయ మూల పెట్టమని వాస్తు కూడా కలిపి చెబుతున్నారు. ఆగ్నేయంలో కిటికీ ఉంటే మంచిదే, మొక్కకు వెలుతురు దొరుకుతుంది. లేకపోతే వాస్తు దానికి అన్నం పెట్టదు.

జడ ఎలా తయారవుతుంది

గింజలను దగ్గర దగ్గరగా నాటి పెంచుతారు. దగ్గరగా ఉంటే వెలుతురు కోసం పోటీపడి కొమ్మలు వేయకుండా సన్నగా, నిటారుగా సాగుతాయి. అనుకున్న ఎత్తుకు రాగానే వేళ్లతో సహా పీకి, ఆకులు తీసేసి నీడన కొన్నాళ్లు ఉంచుతారు. ఒంట్లో నీరు కొంత తగ్గి కాండం వంగేలా అవుతుంది. అప్పుడు మొదళ్ల దగ్గర కట్టి, ఒకదాని మీదుగా ఒకటి తిప్పి అల్లి, పైన మళ్లీ బిగించి నాటుతారు. కొన్నాళ్లకు కాండం చేవదేలి ఆ వంపులోనే గట్టిపడుతుంది. విదేశాలకు వెళ్లేవి మట్టి లేకుండా, ఆకుల్లేని జడలుగానే పెట్టెల్లో ప్రయాణిస్తాయి. ఇన్నాళ్లు చీకట్లో, నీళ్లు లేకుండా బతకగలగడానికి కారణం ఆ లావు మొదలులో దాచుకున్న నీరూ పిండిపదార్థమూ. దిగుమతి చేసుకున్న నర్సరీ వాటిని కుండీలో పెట్టి, కొత్త వేళ్లు పుట్టించి, ఆకులు తెప్పించి అమ్మకానికి పెడుతుంది.

ఈ ప్రయాణంలో ఐదింటిలో ఒకటి దెబ్బతినడం మామూలే. అమ్మేటప్పుడు తెలియదు, ఎందుకంటే మిగతా నాలుగింటి ఆకులు పైనంతా కమ్మేసి ఉంటాయి. కొనే ముందు ఆకులు చూడటం కంటే కాండాలను నొక్కి చూడటం మేలు. ఒక్కో కాండాన్ని మొదలు నుంచి పైదాకా రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కాలి. గట్టిగా ఉంటే బతికుంది. బెరడు ముడతలు పడి లోపల డొల్లగా తగిలితే ఎప్పుడో ఎండిపోయింది. మెత్తగా దిగిపోయి తడి తగిలితే కుళ్లు మొదలైంది, ఆ కుండీ ముట్టుకోకపోవడమే మంచిది. అనుమానంగా ఉంటే గోటితో బెరడు మీద చిన్న గీత గీస్తే చాలు. కింద పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు, గోధుమ రంగులో ఉంటే లేనట్టు. షాపతను కాస్త విసుక్కోవచ్చు. వేల రూపాయలు పోసి కొనేటప్పుడు ఆ మాత్రం తప్పదు.

ఎండిపోయిన కాండం ఇంటికొచ్చాక బయటపడితే కంగారు అక్కర్లేదు. పొడిగా ఎండినదైతే మిగతావాటికి ముప్పు లేదు, మెల్లగా తిప్పుతూ లాగితే తరచూ ఊడి వచ్చేస్తుంది, మిగిలిన నాలుగూ ఆ వంపులోనే నిలబడతాయి. మెత్తగా కుళ్లినదాన్ని మాత్రం ఒక్క రోజు కూడా ఉంచకూడదు. పక్క కాండాలకు ఒరుసుకుని, ఒకే మట్టిలో ఉంటుంది కాబట్టి తడి కుళ్లు వాటికీ పాకుతుంది.

ఇంకో సంగతి జడ పైన కట్టిన కట్టు. చాలా మొక్కలకు అక్కడ రబ్బరు బ్యాండో, ప్లాస్టిక్ టేపో, వైరో ఉంటుంది. కొని తెచ్చినవాళ్లు దాన్ని అలంకారంలో భాగమనుకుని వదిలేస్తారు. చెట్టు కాండం ఏటా లావెక్కుతుంది, కట్టు లావెక్కదు. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే కిందికి దిగాలి. కట్టు ఆ పొరను నొక్కేస్తే ఆహారం పైనే ఆగి కట్టుకు పైభాగం ఉబ్బుతుంది, కింద వేళ్లు ఆకలితో చిక్కిపోతాయి. నీళ్లు మాత్రం లోపలి చెక్క గుండా పైకి వెళ్తూనే ఉంటాయి కాబట్టి ఆకులు చాలాకాలం పచ్చగానే ఉంటాయి, రోగం బయటికి కనపడదు. కట్టు దగ్గర నొక్కుకుపోయిన గుర్తు కనిపిస్తే కత్తిరించేయాలి. జడ విడిపోతుందన్న భయం ఉంటే మెత్తటి నూలు తాడు వదులుగా కట్టి, రెండు మూడు నెలలకోసారి విప్పి మళ్లీ కట్టాలి. చేవదేలిన జడ ఎలాగూ విడిపోదు.

జడ దానంతటదే పైకి పెరగదు. చెట్టు ఎత్తు పెరిగేది కొసల దగ్గరే. ఇవాళ అడుగు ఎత్తున ఉన్న అల్లిక పదేళ్లకు కూడా అదే అడుగు ఎత్తున ఉంటుంది, లావు మాత్రం అవుతుంది. జడ పొడుగ్గా కావాలనుకుంటే పైన కొత్తగా వచ్చిన లేత కాండాలను పచ్చగా, వంగేలా ఉన్నప్పుడే అల్లుకుంటూ పోవాలి. లాగి బిగించకూడదు, కాండాల మధ్య చిటికెన వేలు దూరేంత సందు వదిలితే లావెక్కడానికి చోటు ఉంటుంది. సందు లేకుండా బిగిసిన చోట ఒకదాని బెరడు మరొకదాన్ని నొక్కుతుంది. కొన్నిసార్లు రెండూ ఒరుసుకుని, కణజాలం కలిసిపోయి, అంటుకట్టినట్టు ఒకటవుతాయి కూడా. అలా కలిస్తే అదృష్టమే, కానీ అన్నీ కలవవు.

నీళ్ల దగ్గరే అసలు చిక్కు

అక్వాటికా అంటే నీటిదని అర్థం చెప్పి, ఎన్ని నీళ్లు పోసినా తట్టుకుంటుందని కొందరు అంటారు. వరదలో నిలబడే చెట్టు కుండీలో ఎందుకు కుళ్లుతుంది? నది ఒడ్డున నీరు కదులుతుంది, ఆక్సిజన్ మోసుకొస్తుంది, వరద తీశాక నేల ఆరుతుంది. పైగా అక్కడి చెట్టు చిన్నప్పటి నుంచి ఆ నేలలోనే వేళ్లను మలచుకుంది. కుండీలోని మొక్క వేళ్లు అల్లేటప్పుడు ఒకసారి కత్తిరించినవి, తర్వాత కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో, కొత్తగా పుట్టినవి, పైగా ఐదు మొక్కలవి ఒకే గుప్పెడు చోటులో ఇరుక్కున్నవి. నిలవ నీటిలో గాలి అందక ముందు వేళ్ల కొసలు చస్తాయి, చచ్చిన వేళ్ల మీద పిథియం లాంటి సూక్ష్మజీవులు చేరి కుళ్లును మొదలుదాకా తీసుకెళ్తాయి. అప్పుడు వేళ్లు లేక నీరు పైకి ఎక్కదు, ఆకులు వాడిపోతాయి. వాడిపోయిన ఆకుల్ని చూసి మనం ఇంకో మగ్గు పోస్తాం.

కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు దిగిపోతుందన్న నమ్మకం ఈ కష్టాన్ని పెంచుతుంది. గిన్నెలు తోమే స్పాంజిని తడిపి అడ్డంగా పట్టుకుంటే కాసేపు కారి ఆగిపోతుంది, అయినా అడుగు అంచున నీరు నిలిచే ఉంటుంది. దాన్ని నిలువుగా తిప్పితే మళ్లీ కారుతుంది. మట్టి కూడా ఇంతే. ఎంత నీరు దిగినా అడుగున కొంత మందం తడి పొర మిగులుతుంది, ఆ మందాన్ని నిర్ణయించేది మట్టి రకం, కుండీ ఎత్తు కాదు. అడుగున రాళ్లు వేస్తే ఆ తడి పొర రాళ్ల మీదికి జరుగుతుంది, అంటే వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. బోన్సాయ్‌లా కనపడాలని లోతు లేని పళ్లెంలో పెట్టిన జడ మొక్కలు త్వరగా పోవడానికీ ఇదే కారణం, అక్కడ మట్టిలో సగం ఎప్పుడూ తడి పొరే. రాళ్లకు బదులు మట్టి మొత్తాన్నే గుల్లగా చేసుకోవాలి. ఎర్రమట్టి ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుల్ల రాయి గానీ బఠాణీ గింజంత ఇటుక ముక్కలు గానీ ఒక పాలు, గుప్పెడు వర్మీకంపోస్ట్. వట్టి ఎర్రమట్టిలో వచ్చిన నర్సరీ మొక్క అయితే తొలకరిలోనో, ఫిబ్రవరి-మార్చిలోనో మట్టి మార్చడం మంచిది. కొత్త కుండీ పాతదానికంటే రెండు అంగుళాలకు మించి పెద్దది కాకూడదు. పెద్ద కుండీలో వేళ్లు తాగలేనంత మట్టి ఉంటుంది, అది రోజుల తరబడి ఆరదు.

ఎప్పుడు పోయాలన్నదానికి క్యాలెండర్ పనికిరాదు. మేలో హైదరాబాద్‌లో నాలుగు రోజులకే ఆరే కుండీ, ఆగస్టు ముసురులో రెండు వారాలైనా ఆరదు. చీపురు నుంచి ఒక కొబ్బరి ఈనె తీసి కుండీ అంచు దగ్గర అడుగుదాకా గుచ్చి, ఐదు నిమిషాలుంచి తీస్తే చాలు. పైసగం పొడిగా వస్తే నీళ్లు పోయొచ్చు, ఈనె పొడవునా చెమ్మ, మట్టి అంటుకుని వస్తే ఆగాలి. పోసినప్పుడు మాత్రం కింద రంధ్రం నుంచి కారేదాకా పోయాలి, పళ్లెంలో చేరింది పారబోయాలి. ఇక్కడ చాలామంది మోసపోయేది బయటి అందమైన పింగాణీ కుండీ వల్ల. లోపల ప్లాస్టిక్ కుండీకి రంధ్రాలుంటాయి, పింగాణీకి ఉండవు. రెండిటి మధ్య రెండంగుళాల నీరు నిలిచినా పైకి తెలియదు. నెలకోసారైనా లోపలి కుండీని ఎత్తి చూడాలి.

పూర్తిగా ఎండిపోయిన కోకోపీట్‌తో ఇంకో తంటా. అది మొదట నీళ్లను పట్టుకోదు, పోసింది అంచుల వెంట జారి కిందికి పోతుంది, వేళ్ల మధ్య పొడిగానే ఉంటుంది. అప్పుడు కుండీని బకెట్ నీళ్లలో అరగంట ఉంచి తీస్తే సరిపోతుంది.

ఏ నీళ్లు పోస్తున్నామన్నదీ చూడాలి. వృథా పోనివ్వకూడదని ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి వచ్చే నీళ్లను మొక్కలకు పోసే అలవాటు నగరాల్లో బాగా ఉంది. ఉద్దేశం మంచిదే. కానీ ఫిల్టర్ వడకట్టి వదిలిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. పెరట్లో వాన పడి మట్టి కడుగుకుపోతుంది కాబట్టి అక్కడ పెద్దగా నష్టం లేదు, ఇంట్లో కుండీలో లవణాలు పోగుపడతాయి. మట్టి మీద తెల్లటి పెచ్చు, ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరగడం దాని గుర్తులు. బోరు నీళ్లు గడుసుగా ఉన్న చోటా ఇదే పరిస్థితి. వాన నీళ్లు పడితే అంతకంటే మేలైనవి లేవు. లేదా రెండు మూడు నెలలకోసారి కుండీని బాత్‌రూంలో పెట్టి, మామూలు కుళాయి నీళ్లు ధారాళంగా పోసి కడిగేయాలి. బియ్యం కడిగిన నీళ్లు, తాగగా మిగిలిన టీ పొడి కూడా ఇంట్లో కుండీలకు వద్దు. బలం సంగతి అలా ఉంచితే చిన్న నల్ల దోమలు గదంతా ముసురుతాయి. బలానికి వానాకాలంలో నెలకోసారి లీటరు నీటికి ఒక గ్రాము 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) కలిపి పోస్తే చాలు, చలికాలంలో అదీ అక్కర్లేదు.

వెలుతురు, గాలి, చలి

తూర్పు కిటికీ పక్కన ఈ మొక్క హాయిగా ఉంటుంది. చీకటి మూలలో వెంటనే చావదు, అదే మోసం. దాచుకున్న పిండిపదార్థం తింటూ నెలల తరబడి నెట్టుకొస్తుంది, కొత్త కొమ్మలు ఆకుకూ ఆకుకూ మధ్య జానెడు ఎడంతో సన్నగా సాగుతాయి. పైగా వెలుతురు తగ్గితే నీళ్ల వాడకమూ తగ్గుతుంది, పోసే నీళ్లు తగ్గించకపోతే కుళ్లు మొదలవుతుంది. పొలంలో పూర్తి ఎండలో పెరిగే చెట్టే అయినా, నీడకు అలవాటుపడిన ఆకులు మే నెల పడమటి ఎండకు ఒక్క పూటలో మాడతాయి. మార్చాలనుకుంటే పది పదిహేను రోజుల్లో మెల్లగా జరపాలి. చోటు మారిన కొత్తలో కొన్ని ఆకులు రాల్చడం దీని స్వభావం. దానికి మందులు, ఎరువులు వేస్తే చిన్న ఇబ్బంది పెద్దదవుతుంది.

ఏసీ గాలి నేరుగా తగలకుండా చూస్తే చాలు, ఏసీ గదిలో పెంచకూడదనేమీ లేదు. ఆకుల మీద రోజూ నీళ్లు చిలకరించడం మాత్రం ఎక్కువమంది చేసే వృథా పని. గాలిలో తేమ ఆ కాసేపే పెరుగుతుంది, నీళ్లు జారి జడ సందుల్లో నిలుస్తాయి. ఆ సందుల్లోనే పిండినల్లి కాపురం పెడుతుంది. మామూలు కాండం మీద కనపడే పురుగు ఇక్కడ అల్లిక లోపలి వైపు, చూపు పడని చోట తెల్లటి దూదిలా గుంపు కడుతుంది. ఆకులు జిగటగా మారి, చీమలు ఎక్కుతుంటే టార్చి వేసి జడ సందులు చూడాలి. స్పిరిట్‌లో ముంచిన చెవి పుల్లలతో ఒక్కో సందూ తుడిచి, వారానికోసారి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. మూడు నాలుగు వారాలు వదలకుండా చేస్తేనే అదుపులోకి వస్తుంది, ఎందుకంటే గుడ్లు ఒకేసారి పగలవు.

10 డిగ్రీల కంటే చల్లబడితే పకీరాకు దెబ్బ. కోస్తాలో ఈ బెంగ లేదు. ఆదిలాబాద్ వైపు, కొన్ని రాత్రులు హైదరాబాద్ శివార్లలో బాల్కనీ మొక్కలను డిసెంబరు, జనవరిల్లో లోపల పెట్టుకోవాలి. అమెరికాలో న్యూజెర్సీ, చికాగో వైపు ఉండే మనవాళ్లకు ఇది అసలు సమస్య. జనవరిలో షాపు నుంచి కారుదాకా నడిచే ఆ కాసేపు చలి తగిలినా నాలుగు రోజుల తర్వాత ఆకులు నల్లబడి రాలొచ్చు, అప్పటికి కారణం గుర్తుండదు. పైదాకా కాగితపు సంచి తొడిగి, కారు ముందే వేడి చేసి తెచ్చుకోవాలి. ఇంట్లో హీటర్ గాలి వచ్చే చోటికి దూరంగా పెట్టాలి. పిల్లి, కుక్క ఉన్న ఇళ్లలో దీన్ని భయం లేకుండా పెంచొచ్చు, అమెరికా జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ విషం లేని మొక్కల జాబితాలో ఇది ఉంది. గదిలో గాలిని శుద్ధి చేస్తుందని చెప్పి అమ్మితే మాత్రం నమ్మక్కర్లేదు. 1989 నాటి నాసా అధ్యయనాన్ని అడ్డం పెట్టుకుని చెప్పే మాట అది, అందులో పకీరా లేనే లేదు.

కుళ్లు పట్టిన కుండీని కాపాడాలంటే మొక్కను పూర్తిగా బయటికి తీయక తప్పదు. మట్టి కడిగేసి చూస్తే మంచి వేళ్లు తెల్లగా గట్టిగా, చెడినవి గోధుమ రంగులో, పట్టుకుంటే పై పొర ఊడి వచ్చేలా ఉంటాయి. చెడినవన్నీ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కత్తిరించాలి. తరచూ అక్కడే ఐదు మొదళ్ల చుట్టూ బిగించిన రబ్బరు బ్యాండ్లు, మొలక దశలో పెట్టిన వల గుడ్డ కూడా బయటపడతాయి. వాటినీ తీసేయాలి. ఒక పూట నీడన ఆరనిచ్చి, కొత్త మట్టిలో చిన్న కుండీలో నాటి, వారం దాకా నీళ్లు ఆపాలి. లావు మొదలులో దాచుకున్న నీరు అంతవరకు సరిపోతుంది.

ఇలా బయటికి తీసినప్పుడే ఇంకో నిర్ణయం కూడా తీసుకోవచ్చు, జడ ఉంచాలా వద్దా అని. ఇంకా చేవదేలని చిన్న మొక్క అయితే మెల్లగా విప్పి ఐదింటినీ ఐదు కుండీల్లో వేయొచ్చు. వంపు తిరిగిన కాండాలు మొదట వికారంగా ఉంటాయి, ఊతకర్ర కావాలి. కానీ చోటు దొరికిన మొదళ్లు సీసా ఆకారంలో ఉబ్బుతాయి, కోస్తా జిల్లాల్లో అయితే పెరట్లో నేలలోనే నాటి చెట్టు చేసుకోవచ్చు. గట్టిపడిన జడను విప్పబోతే విరుగుతుంది. దాన్ని అలాగే ఉంచి, ఎత్తు తగ్గించడానికి పై కొమ్మలను కణుపుకు కాస్త పైన కత్తిరిస్తే పక్క కొమ్మలు వస్తాయి. కత్తిరించిన కొమ్మ తడి ఇసుకలో వేళ్లు వేస్తుంది. దానికి గింజ మొక్కకు వచ్చినంత లావు మొదలు మాత్రం రాదు.